బావమరిదికని చెప్పిన వైస్

2003, మాఘ మాసం, మంగళవారం

మధ్యాహ్నం గుడి తలుపులు వేసి గుంటూరు బస్సెక్కాను. పెరటి గదిలోని, ఇనుము చెక్కే చిన్న మిల్లింగ్ మెషిన్‌కి, ఇనుప ముక్కని కదలకుండా పట్టే వైస్ కావాలి. అక్కడ పనిముట్ల కొట్లో రెండు చూపించారు. బరువైనదాని దవడలు కదిపి చూస్తుంటే కొట్టాయన నా పిలక, విభూతి చూసి లేచి నిలబడ్డాడు.

"పూజారిగారూ, మీకెందుకండీ ఇది?"

"మా బావమరిదికండీ," అనేశాను.

"మెషిన్ బల్ల మీద గాడి ఎంత వెడల్పుంటదండీ? బోల్టులు దాన్నిబట్టే ఇవ్వాల."

పన్నెండు మిల్లీమీటర్లు. నేనే కొలిచాను. అయినా తెలియదన్నాను.

"అయితే ఆయన్నే పంపండి. తెలీకుండా కొని మీరు ఇబ్బంది పడతారు," అంటూ వైస్ నా చేతిలోంచి మర్యాదగా తీసుకున్నాడు.

బస్సులో మిర్చి బస్తాల మధ్య నిలబడి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. మా ఆవిడ సావిత్రికి జరిగింది చెప్పాను.

"మధ్యలో మా తమ్ముడెందుకండీ? రేపు నేనెళ్లి మావారికే అని చెప్పి తెస్తాను."

"వద్దు. ఊళ్లో తెలుస్తుంది."

"తెలిస్తే ఏమవుతుంది?"

దేవుణ్ణి తాకే చేతులకి గ్రీజేమిట్రా అని నాన్నగారు అనేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.