కుదువ కాగితం మీద సంతకం పెట్టకు

కమల బాపూ,

అన్నం ఉట్టి మీద పెట్టిన, తిను. సావుకారి బాయి అప్పు కాగితం పట్టుకొస్తే నేనొచ్చేదాకా సంతకం పెట్టకు. ఆయన వడ్డీ మిత్తి తక్కువే గని, "ఏడాదిల కట్టకపోతే ఇల్లు నాది" అని రాయించుకుంటడట. మంచిర్యాల భూమి తనఖా బ్యాంకోళ్లు ఇల్లు అడగరట. మన చెల్క భూమి కుదువ పెడితే చాలు, పదేండ్లల్ల మెల్లగ కట్టుకోవచ్చని మా తమ్ముడు చెప్పిండు. నిజమో కాదో అడిగొస్త, పొద్దుటి బస్సుకు పోతున్న. పైసలు చేతికొచ్చుడు జర ఆలస్యమైతదట. బాయి తవ్వుడు వచ్చే ఎండకాలందాకా ఆగినా ఏం కాదు.

ఇంటి ముచ్చట కట్టుకున్న పెండ్లాన్ని, నాకు చెప్పకుంట సావుకారికి మాటిచ్చినవని మనసు నొచ్చింది.

రామవ్వ

కోపం చేసి పోయిందనుకోకు. గీ ముచ్చట మొదలైన సంది నువ్వు సరిగ్గ నిద్రపోతలేవు. నువ్వొక్కనివే పరేషానయితుంటే నాకు చూస్తూ కూసోబుద్ధి కాలే.