జారిపోయిన ఉల్లిచక్రం

అమ్మకు,

పెద్దోడి నమస్కారాలు. ఇక్కడ నేను, నీ కోడలు, పాప బాగానే ఉన్నాం. బాగాలేనిదల్లా నా కడుపొక్కటే, దాని సంగతి కింద రాస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? నూనె రాసుకుంటున్నావా, లేక సీసా కిటికీలో పెట్టి చూసుకుంటున్నావా?

పాపకు పళ్లు ఊడుతున్నాయా అని అడిగావు. ముందువి రెండూ ఊడాయి. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఇక నువ్వు అడిగిన రెండో మాట, "తమ్ముడికి ఏదో హోటల్లో వేపుళ్ల దగ్గర పని దొరికిందట, వీలైతే వాడికి కాస్త సాయం చెయ్యి" అన్నది. దానికి జవాబు రాయాలంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కంపెనీ పని మీద ఊళ్లు తిరుగుతానన్నాను. ఆ పని తినడమే అమ్మా. మా కంపెనీకి చాలా హోటళ్లున్నాయి. మామూలు మనిషిలా వెళ్లి కూర్చుని, తిని, ఎలా ఉందో కంపెనీకి చెప్పాలి. నేనెవరో హోటలు వాళ్లకు తెలియకూడదు. చిన్నప్పుడు తిండిపోతని తిట్టేదానివి, ఆ గుణమే ఇప్పుడు ఇల్లు నడుపుతోంది.

మొన్న ఒక హోటలుకి పంపారు. అక్కడి ఆనియన్ రింగుల మీద, అంటే ఉల్లిచక్రాలను పిండిలో ముంచి వేయించిన వాటి మీద, జనం ఫిర్యాదులు చేస్తున్నారట. నిజమని తేలితే వేయించే మనిషిని తీసేసి, ఫ్యాక్టరీలో చేసినవి తెచ్చి పెడతారు. చెయ్యి పెడితే అంటుకునే బల్ల ముందు కూర్చుని ఒక ప్లేటు చెప్పాను. రంగు బాగుంది, కరకర కూడా బాగుంది. కొరికాను. లోపలి ఉల్లిపాయ మొత్తం జారి నా గడ్డం మీద వేలాడింది. చేతిలో గాజులాగా ఉత్త పిండి మిగిలింది. పిండీ ఉల్లీ కలిసి పంటికి తెగాలమ్మా, రింగు మంచిదో కాదో అక్కడే తేలిపోతుంది.

గడ్డం తుడుచుకుంటూ వంటగది కిటికీ వైపు చూశాను. టోపీ చెవుల దాకా దించుకుని, నూనె ముందు మన చిన్నోడు!

ఇంకో ప్లేటు చెప్పాను. ఒక్కటి సరిగ్గా వస్తే చాలు, దాన్ని పట్టుకుని నాలుగు మంచి మాటలు చెప్పొచ్చనుకున్నాను. అదీ జారింది. మూడోదీ జారింది. బెల్టు వదులు చేసుకుని నాలుగోది అడిగేసరికి, వడ్డించే అమ్మాయి లోపలికెళ్లి ఏం చెప్పిందో, వాడే ప్లేటు పట్టుకుని బయటికొచ్చాడు.

"అన్నయ్యా, నువ్వా! ఇన్ని ప్లేట్లు లాగించేది ఎవడ్రా బాబూ అనుకున్నా. అంత నచ్చాయా?"

"బాగున్నాయిరా."

"ఒట్టు?"

"ఒట్టేరా."

వాడి మొహం నువ్వు చూడాల్సింది. ఎన్ని పనుల్లో చేరాడు, ఎన్నింట్లోంచి వాణ్ణి పొమ్మన్నారు! మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. "అంతా అమ్మ నేర్పిందే. ఉల్లిపాయలు కోసి నీళ్లలో పడేస్తా, ఘాటు పోద్ది. తీసినవి తీసినట్టే పిండిలో ముంచేస్తా" అన్నాడు.

అక్కడే ఉంది తప్పు. నీ కూరల్లోకి ఆ పద్ధతి చక్కగా కుదిరేది, కానీ తడి మీద పిండి నిలవదు. చక్రాన్ని గుడ్డతో తుడిచి, పొడిపిండి అద్ది, అప్పుడు ముంచాలి. ఆ ఒక్క మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వాడేమో నీ పేరు చెప్పుకుని మురిసిపోతున్నాడు. ఆ మాటతో పాటు నాలుగో ప్లేటు కూడా మింగాను.

ఇక దాచలేను. వీధిలోకొచ్చి, కంపెనీకి ఫోన్ చేసి, రింగులు బాగాలేవని చెప్పాను. తమ్ముడు కదా, ఒక అబద్ధం ఆడేద్దామనుకున్నాను. జనం అప్పటికే మొత్తుకుంటుంటే నా అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? వాడి ఎదుట ఒకటి, వెనక ఒకటి అన్నానమ్మా. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. నీ కోడలు అజీర్తి అనుకుంటోంది.

వచ్చే బుధవారం మా పెద్ద మేడమ్ వెళ్లి మళ్లీ తింటుంది. మొహమాటం ఎరగని మనిషి. ఆవిడా అదే మాట అంటే వాడు రోడ్డున పడతాడు. నేనిప్పుడు ఫోన్ చేసి తుడవమంటే "మొన్న ఒట్టేశావుగా" అంటాడు. వాడి మీద చెప్పింది నేనేనని బయటపడితే ఈ జన్మలో నా గడప తొక్కడు. ఎటు ఆలోచించినా దారి కనిపించడం లేదు, నువ్వు తప్ప.

అంతకు ముందే, ఈ ఆదివారం సెలవుకి నీ దగ్గరికొచ్చి రింగులు వేయించి పెడతానన్నాడు. నువ్వేమంటావో నాకు తెలుసు. వాడు మాడ్చి పెట్టినా ఇన్నాళ్లూ బాగుందనే అన్నావు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఈ ఒక్కసారికి అనకు. ఒకటి కొరుకు, ఉల్లిపాయ జారుతుంది. "బాగాలేవురా, నా పద్ధతి దీనికి పనికిరాదు, తుడిచి చెయ్యి" అను. వాడు చిన్నబుచ్చుకుంటాడు, చిన్నబుచ్చుకోనీ. ఎదురుగా కూర్చుని కూడా నేను చెప్పలేకపోయాను. నువ్వన్నా చెప్పమ్మా.

ఇట్లు,
నాలుగు ప్లేట్లూ ఖాళీ చేసి వచ్చిన
నీ పెద్దోడు