ఖాళీగా ముప్పై ఏడు వాట్లు

6 మే 2023, శనివారం

కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. సెకండ్‌హ్యాండ్. ఎనిమిది జీబీ, రెండు ఫ్యాన్లు. అమ్మిన యోగేష్ ఏమీ దాచలేదు. ముందువాడు దీన్ని బిట్‌కాయిన్ మైనింగ్‌లో పెట్టి రాత్రింబగళ్ళు నలిపాడు భైయా, అయినా దమ్ ఉంది అన్నాడు. పదిహేను రోజుల్లో నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాడు. అంటే ఇరవై ఒకటి, ఆదివారం, సాయంత్రం ఐదులోపు, డబ్బాతో సహా. ఐదూ ఐదుకి వస్తే నీ కార్డు నీకే ముబారక్ అన్నాడు.

రోజు ఖర్చులు రాసే ఈ పుస్తకంలోనే ఇకనుంచి వాట్లు కూడా రాస్తాను. ప్లగ్గు మీటర్ తెచ్చుకున్నాను. కార్డు ఎంత తాగుతోందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. గోడలోంచి మొత్తం ఎంత పోతోందో మీటర్ చెబుతుంది. రెండూ చూడాలి.

7 మే, ఆదివారం

చర్చి నుంచి వచ్చి రెండర్ పెట్టాను, అంటే కార్డు చేత బొమ్మ పూర్తిగా గీయించడం. లోడ్ మీద, అంటే పనిలో ఉన్నప్పుడు, 216 వాట్లు, 82 డిగ్రీలు. ఫ్యాన్ల మోత పక్క క్వార్టర్‌కి వినబడి ఉంటుంది.

అయినా సంతోషంగా ఉంది. పాత కార్డు మీద నలభై నిమిషాలు పట్టే బొమ్మ ఆరు నిమిషాల్లో వచ్చింది.

8 మే, సోమవారం

పొద్దున ఆరు నుంచి రెండు వరకు వర్క్‌షాపులో నిజం రైలు వాగన్లు బాగుచేస్తాను. ఇంటికొచ్చి అవే వాగన్లు కంప్యూటర్‌లో చేస్తాను. త్రీడీ మోడల్స్, రివెట్లతో సహా. ఎవరూ నేర్పలేదు. ట్రైన్ సిమ్యులేటర్ ఆడేవాళ్ళు డౌన్‌లోడ్ చేసుకుంటారు. వాళ్ళకి నా పేరు తెలియదు. అలా ఉంటేనే నాకు బాగుంటుంది.

మా ఆవిడ లిడియాకి ఈ నెలంతా నర్సు డ్యూటీ రాత్రిపూటే, ఐసీయూలో. పొద్దున తొమ్మిదికి వచ్చి, ఇంటిపని ముగించుకుని పన్నెండుకి పడుకుంటుంది, ఐదున్నరకి లేస్తుంది. నాకు దొరికేది రెండున్నర నుంచి ఆ ఐదున్నర దాకానే. రాత్రి తొమ్మిదికల్లా నేను పడుకోవాలి, లేకపోతే నాలుగున్నరకి లేవలేను. ఉన్నది ఒక్క గది. కూలర్ అందులోనే, మంచం అందులోనే, కంప్యూటర్ అందులోనే.

ఇవాళ మూడు గంటలకి లేచి కూర్చుంది. ఏమండీ, ఆ డబ్బాలో దయ్యాన్ని గానీ పెట్టారా, ఉండుండి లేస్తోంది అంది. నవ్వుతూనే అంది.

9 మే

ఆమె పడుకున్నది 4 గంటలు.

10 మే, బుధవారం

అండర్‌వోల్టింగ్ మొదలుపెట్టాను. ఈ కార్డులన్నీ అవసరానికి మించి వోల్టేజీ పెట్టుకుని వస్తాయి. ఏ కార్డుకి ఎంత చాలో కంపెనీవాడు ఒక్కొక్కటీ కూర్చుని చూడలేడు, అందరికీ ఒకే కొలత కుట్టేస్తాడు. మన కార్డుకి మనమే కొలత తీసుకోవాలి. 1.05 వోల్టుల నుంచి కొంచెం కొంచెంగా దించాను. 0.95 దగ్గర బాగుంది. 0.90 దగ్గర బాగుంది. 0.85 దగ్గర స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అయింది. 0.875 దగ్గర ఆపాను.

లోడ్ మీద 152 వాట్లు, 71 డిగ్రీలు. వేగం నూటికి నాలుగు తగ్గింది, అంతే.

ఇంత సులువుగా అరవై నాలుగు వాట్లు మిగిలాయి. పుస్తకం మూసి మళ్ళీ తెరిచి చూసుకున్నాను.

11 మే

3 గంటల 40 నిమిషాలు. వాట్లు కాదు, ఆమె నిద్ర.

12 మే, శుక్రవారం

లిడియా డ్యూటీలో ఒక చార్ట్ మీద తొమ్మిదో బెడ్ బదులు ఆరో బెడ్ అని రాసింది. మందు ఇవ్వకముందే తనే చూసి దిద్దుకుంది. అయినా సిస్టర్ ఇన్‌ఛార్జి పిలిచి, లిడియా, నువ్వు ఇలాంటిదానివి కాదే అన్నదట. తిట్టినా బాగుండేది అంది లిడియా. చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు, కంప్యూటర్ వైపూ చూడలేదు. గోడ వైపు చూసింది.

పుస్తకం తీశాను. ఇక్కడ రాసుకుంటున్నాను. ఇరవై ఒకటి లోపు ఆమె ఈ గదిలో సరిగ్గా పడుకోకపోతే కార్డు యోగేష్‌కి వెళ్ళిపోతుంది.

13 మే, శనివారం

కంప్యూటర్ని వంటింట్లో పెట్టి చూశాను. అక్కడ కూలర్ లేదు. పావుగంటలో 86 డిగ్రీలు. తిరిగి తెచ్చాను.

15 మే, సోమవారం

మధ్యాహ్నం టిఫిన్ దగ్గర మల్లేశ్వరరావుకి చెప్పాను. నా పక్క బెంచీలో పదహారేళ్ళుగా ఉన్నాడు. కంప్యూటర్ సంగతి ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు. అంతా విని, లోడ్ మీద తాగేది తగ్గించావు సరే గురూ, ఖాళీగా ఎంత తాగుతోంది అని అడిగాడు. చూడలేదన్నాను. పదహారేళ్ళ నుంచి వాగన్‌కి బ్రేకు బలం మార్చే ఎంప్టీ-లోడ్ హ్యాండిల్ తిప్పుతున్నావు, ఖాళీ బండికి లోడ్ బ్రేకు వేస్తే చక్రాలు గీసుకుపోతాయని కుర్రాళ్ళకి క్లాసు పీకుతావు, ఇంట్లో ఏ హ్యాండిల్ ఎటుందో చూసుకోవా అన్నాడు. ఆ తర్వాత రోజంతా నన్ను హ్యాండిల్ మాస్టారూ అనే పిలిచాడు.

ఇంటికొచ్చి చూశాను. ఏ పనీ లేకుండా కార్డు 37 వాట్లు తాగుతోంది. మెమరీ క్లాక్ పూర్తి వేగంలో ఉండిపోయింది. కారణం మానిటర్. తెర సెకనుకి 144 సార్లు మారాలని నేనే పెట్టాను, ఉంది కదా అని. 60కి దించాను. మెమరీ నిద్రపోయింది. 12 వాట్లు.

పాతిక వాట్లు ఊరికే, ఎవరికీ పనికిరాకుండా. తొమ్మిది రోజులు.

ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతున్నాయి. ఇంతకుముందు నాలుగైదు నిమిషాలకోసారి తిరిగి ఆగేవి. ఇప్పుడు అరగంటకోసారి, నేను మోడల్‌ని తిప్పి చూసినప్పుడే. అయిపోయింది అనుకున్నాను.

16 మే, మంగళవారం

2 గంటల 50 నిమిషాలు. ఇన్ని రోజుల్లో ఇదే తక్కువ.

నాకేమీ అర్థం కావడం లేదు. వాట్లు తగ్గాయి, వేడి తగ్గింది, మోత తగ్గింది, ఆమె నిద్ర కూడా తగ్గింది.

సాయంత్రం లిడియా రెండు జతల యూనిఫాం బ్యాగులో పెట్టుకుని, నాలుగు రోజులు అక్క దగ్గర పడుకుంటానండీ అంది. కోపంగా అనలేదు. కూరగాయలు తేవాలి అన్నట్టు అంది. ఆమె అక్క ప్రమీల ఊరి ఆ చివర మోవాలో ఉంటుంది.

17 మే, బుధవారం

డ్యూటీ అయ్యాక మోవా వెళ్ళాను.  ప్రమీల వదిన తలుపు తీసి, రండి మరిదిగారూ, మీ రెండో సంసారం ఎలా ఉంది, దానికి అన్నం పెట్టి వచ్చారా అంది. లోపల లిడియా అప్పుడే లేచి కూర్చుని ఉంది. ఆరు గంటలు పడుకుందట. వదినగారి ఇంటి ముందు బిలాస్‌పూర్ రోడ్డు. లారీలు ఆగకుండా పోతూనే ఉన్నాయి. కిటికీ అద్దం అదురుతోంది.

ఇంత మోతలో ఎలా పట్టింది నిద్ర అని అడిగాను.

మోత నన్నేం చేస్తుందండీ అంది లిడియా. మోగితే పడుకుంటాను, ఆగితేనే లేస్తాను. ఐసీయూలో ఒక్కొక్క పేషెంట్ ఊపిరి అలాగే ఉంటుంది. పీలుస్తూ పీలుస్తూ ఆగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ గబుక్కున పీలుస్తాడు. మధ్యలో ఆ ఏమీలేని కాసేపే, దానికే మేం పరిగెత్తేది. పన్నెండేళ్ళయింది. నిద్రలో కూడా చెవి దాని మీదే ఉంటుంది. మీ మిషన్ ఆగుతుంది, నేను లేస్తాను. మళ్ళీ తిరిగేదాకా కళ్ళు మూతపడవు. మొన్నటిదాకా తొందరగా తిరిగేది. నిన్నైతే అరగంట తిరగలేదు. నేను మంచం మీద కూర్చుని దానికోసం ఎదురుచూశాను.

నన్ను వెనక నుంచి చూసిందట, హెడ్‌ఫోన్ పెట్టుకుని తెర మీద బోల్టులు బిగిస్తున్నానట. పిలవబుద్ధి కాలేదట.

చెప్పొచ్చు కదా అన్నాను. చెప్పడానికి నాకే ఇప్పుడు తెలిసింది, ఇక్కడ పడుకుంటే అంది. వదిన టీ తెచ్చి, మీ ఇద్దరికీ కలిపి రోజుకి పది మాటలు కోటా, ఇవాళ ఏడాదిది ఖర్చుపెట్టేశారు అంది.

తిరిగొస్తూ ఆలోచించాను. వర్క్‌షాపులో మా లెక్క ఒకటే. బేరింగ్ మోగితే పాడయినట్టు, మోగకపోతే బాగున్నట్టు. సుత్తితో కొట్టి చెవి పెట్టి వినడం నా పని. ఆ చెవితోనే ఇంట్లో కూడా విన్నాను. ఆమె చెవి వేరే పని నేర్చుకుందని తోచలేదు.

18 మే, గురువారం

ఫోరమ్‌లో వెతికాను. అందరూ ఫ్యాన్ ఆగేలా చెయ్యడం ఎలా అనే అడుగుతున్నారు. ఆగకుండా చెయ్యడం ఎలా అని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు అడిగే అలవాటు లేదు.

కావలసింది ఇది. ఫ్యాన్ ఒకే వేగంలో తిరగాలి, ఖాళీగా ఉన్నా లోడ్ మీద ఉన్నా. పెరగకూడదు, తగ్గకూడదు. అంటే ఆ ఒక్క వేగానికి లోడ్ వేడి కూడా సరిపోవాలి. నలభై శాతం వేగానికి 152 వాట్లు ఎక్కువ, 84 డిగ్రీల దాకా పోయింది. ఇంకా దించాలి.

19 మే, శుక్రవారం

క్లాక్, అంటే చిప్ వేగం, 1500కి తగ్గించి, వోల్టేజీ 0.80. రెండుసార్లు స్క్రీన్ నల్లబడింది. 0.81 నిలబడింది. లోడ్ మీద 112 వాట్లు. నలభై శాతంలో 75 డిగ్రీలు, గంటన్నర అయినా అక్కడే. రెండర్ ఆరు నిమిషాలది ఎనిమిదయింది. కానీలే.

ఖాళీగా 13. ఆగకుండా తిరిగే ఫ్యాన్ ఒక వాట్ తాగుతోంది. అది ఇవ్వాల్సిందే.

20 మే, శనివారం

ఫ్యాన్ ఉదయం నుంచి ఒక్కసారీ ఆగలేదు. రెండర్ మొదలైనప్పుడు, అయిపోయినప్పుడు కళ్ళు మూసుకుని విన్నాను. తేడా లేదు. కూలర్ మోతలో కలిసిపోయింది. కానీ వినేది నా చెవి, దాన్ని నమ్మను.

లిడియాకి ఫోన్ చేశాను. రేపు డ్యూటీ దిగి చర్చికి వచ్చి, ఇంటికి రా, ఒక్కపూట పడుకుని చూడు అన్నాను. ఊ అంది. పనికిరాకపోతే ఏం చేస్తారు అని అడిగింది. ఇచ్చేస్తాను అన్నాను. పదహారేళ్ళలో మీరు ఇష్టపడి కొనుక్కున్నది అదొక్కటి, ఇవ్వడమెందుకు, నేను అక్క దగ్గరే సర్దుకుంటాలెండి అంది. సర్దుకోవద్దన్నాను.

కార్డు డబ్బా అటక మీద నుంచి దించి గుమ్మం పక్కన పెట్టాను. బిల్లు లోపల ఉంది. నాలుగింటిలోపు ఆమె ఒక్కసారి లేచినా, కార్డు విప్పి తీసుకెళ్ళాలి. యోగేష్ దగ్గరికి సైకిల్ మీద ఇరవై నిమిషాలు.

రేపు కుర్చీలో కూర్చుని పది నిమిషాలకోసారి రాస్తాను. వాట్లు, డిగ్రీలు, ఆమె కదిలిందా లేదా.

21 మే, ఆదివారం. సాయంత్రం 6.40

12.40. 112 వాట్లు, 74. కదల్లేదు.
12.50. 112, 75. కదల్లేదు.

తర్వాత ఏమీ రాయలేదు. పెన్ను పేజీ అంచుదాకా జారిన గీత ఒకటి ఉంది.

లిడియా భుజం తట్టి లేపింది. ఆరు దాటిందండీ, నేనూ ఇప్పుడే లేచాను, ఎవరో యోగేష్ అట, మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి, చెయ్యమంటారా అంది.

వద్దన్నాను.