చర్చి వెనకాల నేల

సస్కటూన్,
కెనడా, సెప్టెంబర్ 14

చెల్లీ పద్మా,

ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఓదారుస్తావు, నేను చెప్పాల్సింది చెప్పలేను. అందుకే కాగితం తీశాను.

మీ బావగారు కొత్తలో డాక్టరుగా పనిచేసిన ఊళ్ళో చర్చి మూసేస్తున్నారు. చివరిసారి చూడ్డానికి ఎవరైనా రావచ్చన్నారు. వెళ్దామని నేనే పట్టుబట్టాను. ఎందుకో నీకు తెలుసు. డెబ్భై తొమ్మిది జనవరిలో నా తొమ్మిది రోజుల పాపని అక్కడే పాతిపెట్టారు. నేను ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అడిగినా ఆయన ఆ చోటు చూపించలేదు.

రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాం. ఆయన కారు దిగలేదు. లోపల మార్గరెట్ అనే పెద్దావిడ అన్నీ చూపించింది. చెక్క చర్చే గానీ, బాప్తిస్మమిచ్చే రాతి తొట్టి ఎనిమిది వందల ఏళ్ళ నాటిదట. ఇంగ్లండు నుంచి వలసొచ్చి ఆ ఊరు కట్టినవాళ్ళు, అక్కడి తమ పల్లెటూరి చర్చి కూలిపోతే ఓడలో తెచ్చుకున్నారట. అంచుకి తుప్పుపట్టిన ఇనుప కొక్కెం ఉంది. చేతబడికి వాడుకోవడానికి పూర్వం ఆ నీళ్ళు దొంగిలించేవారట, అందుకని మూతకి తాళం. లోపల చెయ్యి పెట్టాను. ఎంతమంది పసివాళ్ళని దించారో, నున్నగా అరిగిపోయింది.

పాప సంగతి చెబితే ఆవిడ రిజిస్టరు తీసింది. "రావు గారి పాప, ఉత్తరపు గోడ వైపు" అని ఒక్క ముక్క. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. ఏనాడో గడ్డి తగలబడినప్పుడు చెక్క సిలువలన్నీ కాలిపోయాయట. కారు దగ్గరికొచ్చి, "ఏమండీ, మీ చేతులతో పాతారు కదా, ఒక్కసారి దిగి చూపించండి" అని బతిమాలాను. ఆయన కారు అద్దం పైకెత్తేశారు.

చాలు పద్మా. నలభై ఆరేళ్ళు చాలు. విండ్సర్ వచ్చేస్తాను, నీ దగ్గరే ఉంటాను. టికెట్ బుక్ చెయ్యి.

నీ అక్క,
సరోజన

సస్కటూన్,
సెప్టెంబర్ 21

పద్మా,

టికెట్ కాన్సిల్ చెయ్యమ్మా.

సూట్‌కేసు సర్దుతుంటే ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నారు. "నేను పాతలేదు సరోజనా" అన్నారు. "నేల గడ్డకట్టి ఉంది. గునపం దిగలేదు. ఆ ఊళ్ళో చలికాలం ఎవరు పోయినా, నేల కరిగేదాకా చర్చి వెనక షెడ్డులోనే ఉంచేవారు. నేనూ పాపని అక్కడే పెట్టి వచ్చేశాను. మే నెలలో పాస్టర్ గారు రమ్మని ఫోన్ చేశారు. ఆ తలుపు మళ్ళీ తియ్యలేక వెళ్ళలేదు. ఆయనే పాతారు. ఎక్కడో నాకూ తెలీదు."

ఆ నాలుగు నెలలూ నేను హీటరు పక్కన రెండు రగ్గులు కప్పుకుని, చలేస్తోంది చలేస్తోంది అంటూ పడుకున్నాను పద్మా.

ఆ పాస్టర్ గారు పోయి ఇరవై ఏళ్ళయింది. ఇంకెవర్ని అడగను?

ఆయన్ని క్షమించానని కాదు. డెబ్భై ఏడేళ్ళ మనిషి అలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే వదిలేసి ఎక్కడికి రాను? కోపం ఉన్నన్నాళ్ళే నయం. నాకు చెప్పకపోతే పోయె, పాప ఎక్కడుందో ఆయనకైనా తెలుసు కదా అనుకునేదాన్ని.

సరోజన