చిన్న కాగితంలో బావి

ఎమ్మిగనూరు, బుధవారం, 1984

రేపటి మీటింగులో అందరి చేతికీ ఇవ్వడానికి, బల్లంత రోడ్డు ప్లానును చిన్న కాగితంలోకి దించమన్నారు ఇంజనీరు సారు. చదవడానికి వీలుగా అక్షరాలు పెద్దవి చేశాను. చోటు చాలక చిన్న గుర్తులు వదిలేశాను.

సాయంత్రం నందవరం రైతు ఖాసీమన్న వచ్చి నేను గీస్తున్న ట్రేసింగు కాగితం మీదికి వంగి చూశాడు.

"నా బాయి యాడమ్మా?"

"పెద్ద ప్లానులో ఉందన్నా."

"రేపు అందరూ సూసేది దీన్నే కదా? ఆడ బాయే లేదనుకొని రోడ్డు దాని మింద ఏస్తే?"

కొలత ప్రకారం గీస్తే బావి రోడ్డు గీతలో కలిసిపోతుంది. కనపడేలా గీస్తే రోడ్డుకే అడ్డొచ్చినట్టుంటుంది. సారును అడిగితే, "అన్నీ యాడ పడతాయమ్మా? వదిలేయ్" అన్నారు.

సారు వెళ్లాక, అంచున ఖాళీలో "ఖాసీం బావి, రోడ్డు పక్కన" అని రాసి, బావి ఉన్న చోటికి బాణం గీసి ప్రింట్లకు పంపాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చేసింది తప్పని మాత్రం అనిపించడం లేదు.

రేపు సారు కళ్లముందే ఆ కాగితాలు పంచాల్సింది నేనే.