సికియా రేవు లంగరు గుర్తు

ఆగస్టు 20

ఈ నోట్‌బుక్ మిర్టో ఇచ్చింది. మా పడవ కెప్టెన్. ముప్పై నాలుగేళ్ళ పిల్ల. ఏ గాలికి ఏ రేవులో లంగరు వేయాలో అంతా నీ బుర్రలో పెట్టుకు కూర్చోకు బార్బా, నువ్వు పోతే బుర్రా పోతుంది, రాసిపెట్టు అంది. ముసలి నావికుణ్ణి ఇక్కడ అందరూ బార్బా అనే పిలుస్తారు. నేను చదివింది నాలుగో తరగతి. అయినా రాస్తాను. ఈ దీవుల సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఇంకా పుట్టలేదు.

అమోర్గోస్ కొండ నెత్తిన మబ్బు టోపీ పెట్టుకుంది. రేపు మెల్తెమి, మా వేసవి ఉత్తరపు గాలి, మొదలవుతుంది, వారం రోజులు కొడుతుంది. మిర్టో ఫోన్ కూడా ఇప్పుడు అదే అంటోంది. ఆలస్యంగా.

ఆమె నాక్సోస్ హార్బర్‌కి పోదాం అంది. ఆగస్టులో అక్కడ చిన్న తెప్ప దూర్చడానికి కూడా సందు ఉండదు. సికియాకి పద అన్నాను. ఉత్తరపు గాలికి వెనక ఎత్తైన కొండ ఉంటే మంచిదని అందరూ అనుకుంటారు. తప్పు. ఎత్తు కొండ మీంచి గాలి రాయిలా కింద పడుతుంది. సికియా వెనక కొండ పొట్టిది. గాలి పైనుంచే పోతుంది.

ఆ రేవు మొహం చూసి ఇరవై ఎనిమిదేళ్ళు. అక్కడ మా తమ్ముడు ఉంటాడు. యాకొవోస్. చేపల వేట మానేస్తే సర్కారు ఇచ్చే పరిహారానికి మా నాన్న పడవని అప్పజెప్పి బుల్డోజరుతో తొక్కించినవాడు. వాడితో నాకు మాటల్లేవు. గాలికి ఆ గొడవ తెలియదు కదా. మంచి రేవు మంచి రేవే.

ఆగస్టు 21, సాయంత్రం

సికియా. లంగరు వేశాం. లోతు పదకొండు మీటర్లు.

యాప్‌లో సాండ్ ఇంకోచోట చూపిస్తోంది బార్బా అంది మిర్టో. మా నాన్న గుర్తు చెప్పాను: కొండ మీద తెల్ల చర్చి సరిగ్గా నల్ల బండ నెత్తిన నిలబడ్డప్పుడు లంగరు వదలాలి, అడుగున ఇసుక ఉంటుంది. తెల్ల చర్చి కనపడింది. నల్ల బండ కనపడింది. ఒకటి మీద ఒకటి నిలబెట్టి వదిలాను. బొమ్మల ఫోన్ నాకు చెప్పొద్దమ్మా అన్నాను. నవ్వి ఇంజిన్ ఆపింది.

యాకొవోస్ హోటల్ ముందు దీపం వెలిగింది. అటు చూడలేదు.

ఆగస్టు 22

గాలి.

ఆగస్టు 23

రాయాలని లేదు. రాస్తున్నాను.

బండకి దగ్గరగా ఊగుతున్నాం, కొంచెం పడమరకి జరుగుదాం అని మిర్టో లంగరు లాగించింది. మిషను మూలిగింది. లంగరు లేవలేదు, పడవ ముక్కే కిందికి వంగింది. పడవ అద్దెకి తీసుకున్న గెస్టులు నలుగురూ డచ్చివాళ్ళు. వాళ్ళలో వౌటర్ అనే పొడుగాయన ఈత కళ్ళజోడు తగిలించుకుని మునిగాడు. పైకొచ్చి, అడుగున నా చెయ్యంత లావు గొలుసు ఉంది, మీ లంగరు దాని కింద దూరింది అన్నాడు. బాగా సంతోషంగా చెప్పాడు.

అది మా నాన్న గొలుసు. చలికాలం పడవలు కట్టడానికి సిమెంటు దిమ్మ పోసి, ఒడ్డు నుంచి రేవు మధ్య దాకా పరిచాడు. నేనూ యాకొవోస్ మోశాం. నాన్న గుర్తు పాటిస్తే లంగరు దాని పక్కకే పోదు. నలభై గజాలు తప్పాను. నేను.

మిర్టో మిషను ఆపి గాలి లెక్క చూసుకుంది. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 24

ఇనుప రింగు ఒకటి మా లంగరు గొలుసు మీదుగా కిందికి జార్చి, చిన్న పడవతో ఎదురు దిక్కుకి లాగాం. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇలాగే వందసార్లు తీశాను. రాలేదు. తాడు తెగి నా మణికట్టు మీద కొట్టింది.

వౌటర్‌కి ఇరవై ఎనిమిదిన నాక్సోస్‌లో ఫ్లైట్. రోజూ పొద్దున కాఫీ కప్పుతో వచ్చి, టుడే? అంటాడు. నో అంటాను. మాకు ఇప్పుడు ఈ రెండు మాటలే.

మధ్యాహ్నం మిర్టో నా పక్కన కూర్చుంది. గాలి ఇరవై ఏడు సాయంత్రానికి పడిపోతుందట. అప్పటికి లంగరు రాకపోతే మన గొలుసు కోసి లంగరు వదిలేయాలి బార్బా, కోస్తే ఓనరు ఎవరో ఒకర్ని దింపమంటాడు, నీకు డెబ్భై మూడు, నేను నిన్ను కాపాడలేను అంది. కళ్ళు తుడుచుకుంది. ఏడిస్తే నాకు ఏం చేయాలో తెలియదు. కాఫీ పోశాను.

ఒడ్డున నాకు ఇల్లు లేదు. ఉన్నది ఈ పడవలో ఒక బంకు.

ఆగస్టు 25

నాన్న గొలుసు రెండో కొస యాకొవోస్ గుమ్మం ముందు ఇనుప కడియానికి ఉంది. వాడి పడవ దానికే కడతాడు. ఒడ్డున ఆ కొస విప్పితే గొలుసు వదులవుతుంది, లంగరు దానంతట అదే లేస్తుంది. ఇది మిర్టోకి చెప్పకుండా రెండు రోజులు దాచాను. ఇవాళ చెప్పాను.

మిర్టో గెస్టుల్ని తీసుకుని వాడి హోటల్‌కి భోజనానికి పోయి వాడిని అడిగింది. తిరిగొచ్చి, వాడు చెప్పింది వాడి గొంతుతోనే చెప్పింది. ఆ ముసలి గాడిద నా రేవులోకి వచ్చి మా నాన్న గొలుసు కింద దూరి, అడగడానికి ఆడపిల్లని పంపాడా? కాళ్ళు పడిపోయాయా? వాడినే రమ్మను. ఒక్క మాట అడిగితే ఐదు నిమిషాల్లో విప్పుతాను అన్నాడట.

రానని చెప్పు అన్నాను.

మీరిద్దరూ ఒక్కలాగే మాట్లాడతారు అంది. పెద్ద తిట్టు.

ఆగస్టు 26

అందరూ ఒడ్డున ఉన్నారు. నేనొక్కణ్ణే పడవలో. గొలుసు చుట్టూ పడవ ఇటు తిరుగుతుంది, అటు తిరుగుతుంది. కట్టేసిన మేకలా. తిరిగిన ప్రతిసారీ వాడి గుమ్మం ఎదురొస్తుంది. కళ్ళు మూసుకుంటే వేయించిన స్క్విడ్ వాసన వస్తుంది.

బైనాక్యులర్స్ తీసి కొండ చూశాను. ఒక గంట చూశాను. పైన, బూడిద రంగు రాళ్ళలో కప్పు కూలిపోయిన గోడలు ఉన్నాయి. అదీ మా నాన్న చెప్పిన చర్చి. సున్నం అంతా రాలిపోయి కొండలో కలిసిపోయింది. నేను గుర్తుగా పట్టుకున్న తెల్లది దానికి చాలా కింద ఉంది. కొత్తది. నేను వెళ్ళాక కట్టారు.

కళ్ళు పోలేదు నాకు. చర్చే తప్పు. చెప్తే ఎవరు నమ్ముతారు?

ఆగస్టు 27, ఉదయం

ఇవాళ పునీత ఫనూరియోస్ పండగ. పోయిన వస్తువు దొరకాలని మొక్కి కేక్ చేసి పంచే రోజు. మా అమ్మ సూది పోయినా మొక్కేది.

మిర్టో ఒక ముక్క తెచ్చింది. దాల్చినచెక్క, నారింజ రసం, వాల్‌నట్లు. మా అమ్మ చేతి రుచి. కింద తెల్ల చర్చి ఫనూరియోస్‌దేనట, కేక్ అక్కడే పంచారట. హోటల్ ముసలాయనే కట్టాడట, సిమెంటు గాడిద మీద మోసుకుని, ఒక్కడే. తొంభై ఎనిమిది చలికాలంలో వాళ్ళ అన్న పనిచేసే సరుకు ఓడ బిస్కే అఖాతంలో పదకొండు రోజులు కబురు లేకుండా పోయిందట. అప్పుడు మొక్కుకున్నాడట.

పదకొండు రోజులు. నిజమే. రేడియో పాడైంది, ఇంజిన్ ఆగింది. ఇంటికి ఫోన్ చేయడానికి నాకు ఎవరూ లేరని అప్పుడు అనుకున్నాను.

ఆయనకి ఎంతమంది అన్నలు బార్బా? అంది మిర్టో.

ఒక్కడే అన్నాను.

ఆగస్టు 27, సాయంత్రం

గాలి పడిపోయింది. వెళ్ళాను.

వాడు బల్ల దగ్గర చేపలకి పొలుసు తీస్తున్నాడు. ముసలాడయ్యాడు. గొలుసు విప్పు అన్నాను. లేవలేదు. దయచేసి అను అన్నాడు. దయచేసి విప్పరా గాడిదా అన్నాను. అప్పుడు లేచాడు.

కొస విప్పాలంటే వాడి పడవ ముందు ఒడ్డెక్కించాలి. ఇద్దరం చెరోవైపు పట్టాం. మూడు అడుగులు లాగితే ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాం. బుల్డోజరు రోజు నేను చూడలేదురా, కొండ వెనక్కి పోయి కూర్చున్నాను అన్నాడు. నేను అడగలేదు. లాగు అన్నాను.

గొలుసు నీళ్ళలోకి జారింది. అక్కడ మిర్టో లంగరు లేపింది. వౌటర్ చప్పట్లు కొట్టాడు.

నీ చర్చి నా లంగరుని చెడగొట్టింది అన్నాను యాకొవోస్‌తో. నువ్వు ఒకసారైనా వచ్చి చూసి ఉంటే చెడేది కాదు స్టమాతీ అన్నాడు, నా పేరు పెట్టి.

ఆగస్టు 28

సికియా రేవు. మెల్తెమికి మంచిది. పైన బూడిద రంగు చర్చిని నల్ల బండ నెత్తిన నిలబెట్టి వదలాలి. అక్టోబరులో దానికి సున్నం వేస్తాం, ఇద్దరం. కిందున్న తెల్లదాన్ని చూసి లంగరు వేయకండి. అది పడవలకి కాదు. నాకు.