బల్ల మీద పెట్టిన గిటారు

బొబ్బిలి,
9-2-1969.

అమ్మకు సత్యరాజు వందనాలు. ప్రభువు దయవల్ల మావయ్య, అత్తయ్య, నేను ముగ్గురమూ కులాసాగానే ఉన్నాము. ఖరగ్‌పూరు చలిలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఆసుపత్రిలో నైటు డ్యూటీలు తగ్గాయో లేదో రాయలేదు.

గిటారుకి నువ్వు పంపిన సామాను సరిపోయిందా అని అడిగావు. చక్కగా సరిపోయింది. ఆ చవక గిటారు సంగతి నీకు తెలుసు కదా. పాట సగంలో తీగలు జారిపోయేవి, రేడియోకి తగిలిస్తే పాట కంటే బుర్రుమనే చప్పుడే ఎక్కువ. తీగలు బిగించే కొత్త కీలు పెట్టాక శృతి కదలడం లేదు. తీగల పలుకు పట్టి రేడియోకి అందించే కొత్త పికప్ పాతదాని కంటే వెడల్పు కావడంతో వీణలు చేసే అప్పలసూరి గారు ఉలితో చెక్క తొలిచి కూర్చారు. "వీణకైతే పనసకర్ర. దీనికేటి బావూ, టీ పెట్టి సెక్కలాగున్నాది" అని నవ్వారు. మోగించి చూశాక మాత్రం బాగుందని తలూపారు.

ఇక నువ్వు అడగని సంగతి. ఆ పార్సెలు మన చర్చి గుడిలో కోత పండుగకి ముందురోజు వచ్చింది. ఆ వేళకి నేను మిల్లులో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నాను. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా తొలిది దేవుడికే అని అత్తయ్య పట్టు. తొలి సొరకాయైనా, పెట్ట పెట్టిన తొలి గుడ్డైనా అంతే. పార్సెలు విప్పి, కీలూ పికప్పూ తెల్లగుడ్డలో చుట్టి, మర్నాడు నా పేరున గుడిలో కానుకల బల్ల మీద పెట్టేసింది. పాస్టరు గారు ప్రార్థన కూడా చేసేశారు. ధాన్యం, కోళ్లు అయితే వేలం వేస్తారు, పాడుకుని తెచ్చుకోవచ్చు. సామాను మాత్రం గుడికే చెందుతుంది. గుడి పాటల కోసమని దాన్ని నా గిటారుకే బిగించనిచ్చారు. కాబట్టి ఇప్పుడు చెక్క నాది, పలుకు దేవుడిది. ఆదివారం నేను వాయించాక, గుడి తాళాలు చూసే మావయ్య గిటారుని గుడి బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.

విజయనగరంలో ఆర్కెస్ట్రా నడిపే నరసింగరావు గారు, గిటారు బాగుచేయించుకుని వస్తే చేర్చుకుంటానన్నారు. ఆ మాట మీదే కదా నువ్వు సామాను పంపావు. మావయ్యని అడిగాను. "బల్ల మీద పెట్టింది పెళ్లిళ్లకాడ సినిమా పాటలకి ఎలగెల్తాదిరా?" అన్నాడు. అత్తయ్య నా తల నిమిరి, "నీకిక్కడ ఏటి తక్కువైనాదిరా? గుడికొచ్చినోలంతా నీ పాట కోసమే వస్తన్నారు" అంది. తిట్టినా బాగుండేది. ఇంత ప్రేమగా కట్టేస్తే మనిషి ఎటు పోతాడు? నాకు ఊపిరాడటం లేదమ్మా.

దాచిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడకు. పోయిన శనివారం పొద్దున్న గుడి తుడవమని మావయ్య తాళాలగుత్తి ఇచ్చాడు, బీరువా తాళం కూడా అందులోనే ఉంది. దేవుడి సామాను ఎత్తుకుపోవడానికి నాకూ చేతులు రాలేదు. కొత్తవన్నీ ఊడదీసి, అదే గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాను. పాతవి బిగించుకుని విజయనగరం రైలెక్కేశాను. పాత పికప్ కోసం చేసిన చోటు ఇప్పుడు పెద్దదైపోయింది కదా, అది అందులో గడగడలాడింది. రెండో పాటకే తీగలు జారాయి. "బాగు సేయించుకుని రమ్మన్నాను గదా బావూ" అని నరసింగరావు గారు మర్యాదగానే పంపేశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య వాకిట్లోనే కూర్చుని ఉంది. లేచి అన్నం పెట్టింది. మర్నాడు గుడిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, "పోయిన పిల్లడ్ని దేవుడు తిరిగి తెచ్చినాడు" అని ఏడ్చింది. అందరూ స్తోత్రం అన్నారు. అప్పటికే కొత్త కీలు, పికప్ మళ్లీ బిగించేశాను. వాయించాను. ఒక్క తీగ జారలేదు.

అమ్మా, నాకు ఇంక గిటారు వద్దు. నన్ను నీ దగ్గరికి రప్పించుకో. నీ జవాబు మావయ్యే ముందు చదివి అత్తయ్యకి వినిపిస్తాడు, కనుక నీకు జబ్బు చేసిందని రాయి. నా కోసం ఆ అబద్ధం ఆడు. అత్తయ్య నీ కోసం ఉపవాసం ఉంటుంది, గుడిలో అందరిచేతా ప్రార్థన చేయిస్తుంది. ఆ ప్రార్థనకి నేనే గిటారు వాయించి, దాన్ని బీరువాలో పెట్టేసి, వాళ్లు దీవించి పంపిస్తుంటే రైలెక్కుతాను.

ఇట్లు,
నీ మాట కోసం కాచుకుని ఉన్న కొడుకు,
సత్యరాజు